నరసన్నకు ఓ చెయ్యి

పొడంపేట నరసన్నకు సాయం అడగడం ఒక జబ్బు. మనిషి ఆరడుగులు, తెప్పను ఒక్కడే ఒడ్డుకు లాగేయగలడు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే మాత్రం పక్కింటి అప్పయ్య రావాలి. "బావా, ఓ సెయ్యెయ్యి" అని రోజూ పొద్దున్నే కేక. తుఫాను నష్టం రాసుకోవడానికి ఛత్రపురం నుంచి వచ్చిన అధికారి చేత కూడా, మేకకు మందు తాగించాలని చెప్పి మధ్యాహ్నం దాకా దాన్ని పట్టించాడు. ఆ అధికారి ఇప్పటికీ ఎక్కడ కనిపించినా మేక క్షేమం అడుగుతాడు.

భార్య కాసమ్మకు ఒళ్ళు మండిపోయేది. "సచ్చినాక నీ పాడె మొయ్యడానికి కూడా నువ్వే లెగిసి జనాన్ని పిలుస్తావు."

"పిలవకపోతే ఆళ్ళకెలగ తెలుస్తాదే?" అనేవాడు నరసన్న, నిజంగానే సందేహం వచ్చినట్టు.

ఆ ఏడు నార్వే నుంచి మారిట్ అనే పిల్ల తాబేళ్ళ గుడ్లకు కాపలా కాస్తానని వచ్చి, వీళ్ళ వెనక గదిలో దిగింది. ఇసుక తిన్నెల మీద కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. తాబేళ్ళు రాలేదు. కొన్నేళ్ళు రావు, వాటి ఇష్టం. ఎండకు ముక్కు మాత్రం ఎర్రగా కాలింది. నరసన్న దగ్గర నేర్చుకున్న తెలుగులో ఒకరోజు చెప్పేసింది.

"పని నేదు. ఊరికినే తింతన్నాను. సిగ్గు. ఎల్లిపోతాను."

ఎండు నెత్తళ్ళ కూరను వేళ్ళు నాకుతూ తినే ఆ పిల్లంటే కాసమ్మకు ప్రాణం. ఉండమని ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇంతలో నరసన్న వల ఒకటి ఈడ్చుకొచ్చి ఆ పిల్ల ముందు పడేశాడు. "అమ్మీ, సిక్కడిపోనాది. ఓ సెయ్యెయ్యి."

మారిట్ పొద్దువాలేదాకా కూర్చుని చిక్కులు తీసింది. వచ్చాక మొదటిసారి నవ్వింది. ప్రయాణం మాట ఎత్తలేదు. మర్నాడు వల మళ్ళీ చిక్కుపడింది. ఆ మర్నాడూ అంతే. కాసమ్మకు అనుమానం వచ్చింది. తాబేళ్ళ కోసం సర్కారు వేట ఆపించి నెలలు గడిచాయి. నీళ్ళు తగలని వలకు చిక్కులేమిటి?

ఓ తెల్లవారుజామున ఆవిడ వాకిలి ఊడ్చబోతే, పాక వెనక నరసన్న వలను కాళ్ళ కిందా చేతుల పైనా తిప్పి ముళ్ళు వేస్తున్నాడు.

"మతి పోనాదా నీకు?"

"గట్టిగా అనకే. సాయం సేద్దారని సముద్రాలు దాటొచ్చింది. మనకేటీ ఇబ్బంది నేదంటే ఆ పిల్ల ఏటైపోద్ది?"

కాసమ్మకు అప్పుడు తట్టింది. పెళ్ళాం పోయాక గడప దాటని అప్పయ్య, ఈ గుండీల కోసమే కదా రోజూ బయటికి వస్తున్నాడు. ఇన్నేళ్ళూ మొగుణ్ణి బద్ధకస్తుడని తిట్టినందుకు మనసు చివుక్కుమంది. దానితోపాటు, ఇంత కాపురం చేసినా తనకొక్క మాట చెప్పలేదని కోపం కూడా వచ్చింది.

లోపలికి వెళ్ళింది. నిన్నంతా నడుం పడిపోయేలా కూర్చుని వేరుచేసిన ఎండు నెత్తళ్ళనూ ఎండు రొయ్యలనూ ఒకే చాప మీద గుమ్మరించి, రెండు చేతులా కలిపేసింది.

పాక వెనక నుంచి సన్నగా గొంతు వినిపించింది. "ఓలే కాసా, కాలు ఇరుక్కుపోనాది. ఈపాలి నిజింగానే. ఓ సెయ్యెయ్యే."

కాసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కదలక అలగే ఉండు. ఆ పిల్ల లెగిసినాక ముందల నిన్నే తీస్తాది."