ఎటు పోతానవ్ అని అడిగే కొలువు

మా వరంగల్ మట్టెవాడలో గడప దాటుతున్న మనిషిని "ఎటు పోతానవ్?" అని ఒక్కసారి అడిగి చూడండి. మంచివాళ్ళయితే ముఖం మాడ్చుకుని వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి కూర్చుని, రెండు గుక్కల నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరుతారు. నోరున్నవాళ్ళయితే మీ ఏడు తరాలనూ తిట్టి మరీ వెనక్కి వస్తారు. పోయేవాణ్ణి ఎటని అడగొద్దు, గడప దాటినవాణ్ణి వెనక నుంచి పిలవొద్దు. ఈ రెండూ మాకు పలకా బలపం పట్టకముందే నేర్పుతారు. మూఢనమ్మకం అంటారా? అనండి, నాదేం పోయింది! నేనూ డిగ్రీ దాకా వెళ్ళినదాన్నే. అయినా మా ఆయన రాజేశ్వర్ రావు స్కూటర్ తీస్తుంటే నోరెత్తను. తిరిగొచ్చాక అడుగుతాను, అదీ కాస్త గట్టిగానే.

అలాంటి చోట మా పక్కింటి శోభారాణికి దొరికిన కొలువేమిటో తెలుసా? రోడ్డు మీద నిలబడి, పోయే ప్రతి మనిషినీ ఎటు పోతున్నావని అడగడం.

మాది కిరాణా కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే శోభ వాళ్ళ గడప ఎదురుగా కనిపిస్తుంది. కాబట్టి శోభ గురించి నాకు తెలిసినంత శోభకే తెలియదు. ఆమె భర్త మహిపాల్ ఊళ్ళు తిరిగి బోరు మోటార్లు బాగుచేసేవాడు. నవ్వుమొహం మనిషి. ఒకరోజు పొద్దున్నే బండి తీస్తుంటే, పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చిన శోభ నోరుజారి "గింత పొద్దుగాలనే ఎటు పోతానవ్?" అనేసింది. అత్త సమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మహిపాల్ వెనక్కి రాలేదు, కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు. "నువ్వడిగితే ఏంగాదు తియ్యే" అని నవ్వి, టిఫిన్ డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని వెళ్ళిపోయాడు. ములుగు రోడ్డులో ఆత్మకూరు దాటాక లారీ కొట్టింది. మనిషి పోయాడు, డబ్బా మూత కూడా ఊడలేదు.

ఇంటికి తెచ్చినప్పుడు సమ్మమ్మ వాడంతా వినేలా అంది, "అడిగింది. పోయేటోన్ని ఎటని అడిగింది." ఒక్కసారే అంది. తర్వాత మళ్ళీ ఎన్నడూ అనలేదు. ఒక్కసారి చాలదా ఆ మాట!

ఆనాటి నుంచి శోభ అడగడమే మానేసింది. ఏదీ అడగదు. కొట్టుకొచ్చి "ఉప్పు ఉన్నదా అక్కా" అనదు, "ఉప్పు కావాలె" అంటుంది. కూతురు కావ్య కాలేజీకి పోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఇక కుదురంటారా, అది మహిపాల్‌తోనే పోయింది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడుస్తుంది. చీరలకు ఫాల్ కుట్టడానికి మిషన్ ముందు కూర్చుని, సగంలో లేచి గల్లీ చివరిదాకా నడిచి వస్తుంది. చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి.

"ఏం పోగొట్టుకున్నవే, గట్ల తిరుగుతానవ్?" అని నేను అరిస్తే, "కూసుంటె ఊపిరాడ్తలేదు విజయక్కా" అంటుంది. పాపం అనిపిస్తుంది, ఒళ్ళూ మండుతుంది. అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవని కాదు. "అన్నం తిను", "గోలీ ఏస్కో". అంతే, అక్కడితో ఆ రోజుకు సరి.

ఇంతలో లైటు రైలు కబురొచ్చింది. కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ స్టేషన్ దాకా చిన్న రైలు వేయాలని ప్లాను గీస్తున్నారట. ఎప్పుడొస్తుందో ఆ భద్రకాళమ్మకే ఎరుక. మా ఆయన మాత్రం మా కొట్టు ముందే స్టేషన్ పడుతుందని తేల్చేసి, దానికి మా తాత పేరు కూడా పెట్టేశాడు. ప్లాను గీయాలంటే ముందు ఏ మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాడో తెలియాలి కదా. అందుకు సర్వే చేసేవాళ్ళు కావాలన్నారు. కావ్య ఫోనులో చూసి తల్లి పేరు ఎక్కించింది.

శోభ పసుపుపచ్చ కోటు వేసుకుని, తలమీద టోపీ పెట్టుకుని మా కొట్టు ముందు నిలబడిన రోజు నాకింకా గుర్తు. "అక్కా, దినమంత నిలవడి, తిరుగుకుంట చేసే పనట. కూసునుడే ఉండదట!" అని నవ్వింది. ఎన్నేళ్ళకు చూశాను ఆ నవ్వు! పని ఏమిటన్నది మాత్రం ఆమెకు తెలియదు. అడగడం మానేసిన మనిషి కదా, అదీ అడగలేదు.

తెల్లారి హన్మకొండ సుబేదారిలో ట్రైనింగ్ ఇచ్చారు. సూపర్‌వైజరు పేరు భానుచందర్, సముద్రం ఒడ్డు ఊరివాడు. అక్కడ కూడా ఇలాంటి రైలుకే సర్వే చేయించి వచ్చాడట. ఒక్కొక్కరి చేతిలో ట్యాబ్ పెట్టాడు. తెర మీద ముందు పేరు, తర్వాత వయసు. మూడోది, "ఇప్పుడు మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అది చదవగానే ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించానని శోభ తర్వాత నాతో చెప్పింది. లేచి వచ్చేద్దామనుకుందట. వచ్చి చేసేదేముంది? మళ్ళీ ఆ నాలుగు గోడలు, ఆ మిషన్, ఆ అరుగు, అరుగు మీద అత్త. రాలేదు.

మొదటి రోజు పోచమ్మ మైదాన్ బస్టాపులో పెట్టారు. కూరగాయలకని చెప్పి నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండగలనా! శోభతోపాటు నవీన్ అని డిగ్రీ చదివే పిల్లవాడు ఉన్నాడు. వాడు ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళి "తాతా, ఎటు పోతానవ్?" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ! పిల్ల పెండ్లి మాట్లాడనీకె పోతాన్రా నేను!" అని ఆయన చేతిసంచీతో వాణ్ణి అదిలించి, ఎక్కాల్సిన బస్సు వదిలేసి, ఇంటిదారి పట్టాడు. అది చూసి మిగతావాళ్ళు జాగ్రత్తపడ్డారు. ఎవరిని అడిగినా "ఈడికే" అన్నారు. పెట్టె బేడాతో ఉన్నవాళ్ళూ ఈడికే, చంకలో బిడ్డతో ఉన్నామె కూడా ఈడికే. శోభ అయితే "పేరు చెప్పుండ్రి, వయసు చెప్పుండ్రి" అని తీసుకుని, అక్కడితో ఆగిపోయి, ఇంకొకరి దగ్గరికి నడిచేది. స్టాపు ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఈ చివరికి. కాళ్ళు ఆగవు, నోరు కదలదు.

సాయంత్రం భానుచందర్ ట్యాబులు చూసి తల పట్టుకున్నాడట. "ఏంటండీ ఇది, వరంగల్లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరా? అందరూ ఇక్కడికే అయితే నేను రైలు ఎక్కడికి వేయమని రాయాలి? మా దగ్గర ఇళ్ళకెళ్ళి, కూర్చోబెట్టి అడిగాం, హాయిగా చెప్పారు. ఇక్కడ టైము లేదని స్టాపుల్లో అడగమన్నారు. బయలుదేరేటప్పుడు అడిగితే మా అమ్మ కూడా తిడుతుంది, నాకు తెలుసు. కానీ ఏం చేయమంటారు?" చెడ్డవాడు కాదు. శోభ దగ్గరికి వచ్చి మాత్రం, "మీరసలు ఎవరినీ అడగనేలేదండీ. రేపు కూడా ఇలాగే ఉంటే మీ చోట వేరేవాళ్ళను పెట్టుకోవాల్సి వస్తుంది" అన్నాడు.

ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. నాకు కోపం ఆగలేదు. "ఎటు అనకపోతే, పోయే జాగ చెప్పుండ్రి అను. అయిపాయె!" అన్నాను.

"పేరు మారిస్తె పాము తాడైతదా అక్కా? ఆ మాట నా నోట్లకెల్లి ఒక్కసారే వచ్చింది. మనిషిని తీస్కపోయింది. ఇంకెవల్ని తీస్కపొమ్మంటవ్?" అంది. అంటూనే కొట్టు ముందు అటూ ఇటూ తిరిగింది. కూర్చోమని స్టూలు వేస్తే దాని చుట్టూ కూడా తిరిగింది.

నాకు నోరెక్కువని అందరూ అంటారు, అబద్ధం కాదు. కొట్టు మా ఆయనకు అప్పగించి సమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "పెద్దమ్మా, నీ కోడలు కొలువు రేపటితోటి ఊడుతాంది. ఎందుకో ఎర్కేనా? ఒకప్పుడు నువ్వన్న ఒక్క మాటకు. నీ కొడుకును లారీ కొట్టింది. శోభ కొట్టలే" అన్నాను. అనాల్సింది ఎప్పుడో అనాల్సింది. సమ్మమ్మ తలెత్తలేదు. చేటలో వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. "పో విజయమ్మా, నీ కొట్టు సూస్కో" అంది. తిట్టుకుంటూ వచ్చేశాను.

మర్నాడు పొద్దున నేను కూరగాయల వంక కూడా పెట్టుకోలేదు. తిన్నగా బస్టాపుకే పోయాను. శోభ మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతోంది. భానుచందర్ టీ బండి దగ్గర నిలబడి చూస్తున్నాడు. అప్పుడొచ్చింది సమ్మమ్మ. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచీ పట్టుకుని. కొడుకు పోయాక గల్లీ దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళని మనిషి, వచ్చి అందరితోపాటు బస్సు కోసం నిలబడింది.

శోభ నడక ఆగిపోయింది.

"రాస్కో. కొక్కుల సమ్మమ్మ. వయసు నీకెర్కే" అంది సమ్మమ్మ. "ఇగ అడుగు."

"నేనడుగ అత్తమ్మా."

"అందర్ని అడుగుమని నిలవెట్టిన్రు గద. నేను అందర్ల లేనా? అడుగవే."

శోభ భుజానికున్న సీసా తీసి గబగబా మూత విప్పింది. "ముందుగాల జర కూసో. నీళ్ళు తాగు, నీకు దండం పెడ్త" అని బతిమాలింది. ముసలామె చేత్తో సీసాను పక్కకు నెట్టింది.

"నీళ్ళద్దు. ఉత్తగనే అడుగు. ఆనాడు నువ్వడిగినవ్, వాడు నవ్వుకుంట పోయిండు. నువ్వు లోపటికి పోయినవ్. వాడు డబ్బా మరిచిండు. గల్లీ మలుపు కాడికి పోయినంక నేనే ఎన్కకెల్లి పిలిచిన, ఓ అయ్యా, డబ్బా మరిచినవ్ రా అని. వాడు మర్లి వచ్చి తీస్కపోయిండు. పిలిచింది నేను. నిన్నన్న. గంతమంది మొఖాలల్ల నన్ను నేను అనుకోలేక, నిన్నన్న బిడ్డా."

స్టాపులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. డబ్బా హ్యాండిలుకు తగిలి ఉండడం ఆ రోజు నేనూ చూశాను. దాని కోసం అతను వెనక్కి వచ్చాడని మాత్రం నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో, ఇద్దరూ నేనే చంపానని అనుకుంటూ, గోలీ ఏస్కో, అన్నం తిను అని బతికారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముసలిదాని మీద పీకలదాకా కోపమూ వచ్చింది.

శోభ సీసా మూత బిగించింది. "ఎటు..." అంది. ఆగింది. ట్యాబ్‌ను గుండెకు అదుముకుంది. "ఎటు పోతానవ్ అత్తమ్మా?"

"ఆత్మకూరుకు. నా కొడుకు పడ్డ జాగకు. ఎన్నడు పోలె, భయానికి. రాస్కో."

ములుగు బస్సు వచ్చింది. సమ్మమ్మ సంచీ పట్టుకుని ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి చూడలేదు.

ఆ తర్వాత శోభను పట్టుకోవడం ఎవరితరం! ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, తాగాక "ఎటు పోతాన్రు?" అని అడిగింది. కూర్చుని నీళ్ళు తాగినవాడికి ఇక దోషమెక్కడిది? చెప్పారు. కాజీపేట అన్నారు, దవాఖాన అన్నారు, కోర్టు అన్నారు. ఒకామె అయితే అల్లుడి మీద చాడీలు కూడా చెప్పింది. భానుచందర్ పరుగున వెళ్ళి నీళ్ళ క్యాను తెచ్చి నవీన్ పక్కన పెట్టాడు.

కానీ శోభ కళ్ళు ములుగు రోడ్డు వైపే. మధ్యాహ్నం అటునుంచి వచ్చిన బస్సులో సమ్మమ్మ లేదు. తర్వాతి దాంట్లోనూ లేదు. శోభ ప్రతి బస్సుకూ పరిగెత్తి మెట్ల దాకా వెళ్ళి చూసి వచ్చేది. ముసలామెకు ఫోను లేదు. పొద్దు వాలింది. పని అయిపోయింది, అందరూ ట్యాబులు అప్పగించి వెళ్ళిపోయారు. మేమిద్దరమే మిగిలాం.

"మళ్ల అడిగిన అక్కా. నీళ్ళు గూడ తాగకపాయె. నేనే మళ్ల అడిగిన" అంటూ తిరుగుతోంది. ఏంగాదులే అని నేను పైకి అంటున్నాను. డిగ్రీ దాకా వెళ్ళానని చెప్పాను కదా? లోపల మాత్రం సమ్మక్క తల్లికి బంగారం మొక్కుకున్నాను. ఆ తల్లికిచ్చే బెల్లాన్నే మేము బంగారమంటాం, అదీ నా ఎత్తు.

ఒక ఆటో వచ్చి ఆగింది. లోపలినుంచి ముందు గొంతు వచ్చింది. "గింత మెల్లగ నడ్పుతె నేనెన్నడు చేరాలె రా నాయ్నా? నడిసొచ్చినా గీపాటికి వస్తుంటి!" తర్వాత గుడ్డసంచీ వచ్చింది. ఆ తర్వాత సమ్మమ్మ దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చీర కుచ్చిళ్ళకు దుమ్ము పట్టి ఉంది.

శోభను చూసి, "ఏందే, ఇంక ఈడనే ఉన్నవా? అడిగినవ్, పోయిన. వచ్చిన గదనే" అంది.

శోభ బెంచీ మీద కూలబడింది. అన్నేళ్ళలో ఆమె లేవకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే. అత్త కుచ్చిళ్ళకంటిన దుమ్ము దులుపుతూ మెల్లగా అడిగింది.

"తిన్నవా అత్తమ్మా?"

"ఏడ తిన్న?" అని సమ్మమ్మ పక్కనే కూర్చుంది. "ముందుగాల నీళ్ళియ్యి."