ఆ రోజు విరగని మంచు చరియ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. క్లెమెంటీలో మా పక్క బ్లాకు మేష్టారు పోయిన మంగళవారం గుండె ఆగి పోయారు. అందరూ మంచి మాటలు రాస్తున్నారు. నా దగ్గరున్నవి తిట్లు. ఆయనకు అలవాటైనవీ అవేగా అని మొదలుపెట్టాను.

ఆయన పరిశోధన మంచు మీద. ఏడాది పొడుగునా చెమటలు కారే సింగపూరులో! "అంత మంచు మా ఫ్రీజర్లోనూ ఉందయ్యా" అనేవాణ్ణి. తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఆయన చోప్ చేసుకున్న, అంటే ముందే పట్టిపెట్టుకున్న, కుర్చీలో కావాలనే కూర్చునేవాణ్ణి. ఆయన నిలబడే కాఫీ తాగేవారు. అదీ నాకు కోపమే.

మూడేళ్ల కిందట మేష్టారుతో కలిపి ఐదుగురం జపాను ఉత్తరాన ఒక మంచు కొండకు బయల్దేరాం. శిఖరం మీంచి సముద్రం కనిపిస్తుందట. తిరిగొచ్చాక నాకు మోకాలి ఆపరేషన్. ఇక కొండలెక్కేది లేదని డాక్టరు తేల్చేశాడు. చెబితే తీసుకెళ్లరని ఆ సంగతి దాచాను.

బయల్దేరే ముందు మేష్టారు మా వంటింట్లో పాఠం చెప్పారు. చపాతీ పీట మీద పంచదార పోసి, పైన బియ్యప్పిండి మందంగా అద్ది, పీటను ఒకవైపు ఎత్తారు. పిండి పలకలా జారి గట్టంతా పడింది.

"చూడన్నా, పైన ఎంత గట్టిగుంటే ఏం? అడుగున చక్కెర మాదిరి మంచుంటే పట్టుండదు."

మా ఆవిడ ఆయన్నేమీ అనలేదు. నన్ను అంది.

కొండ మీద ఎండ కాస్తోంది. ఇంకో గంటలో శిఖరం. మేష్టారు నడుం లోతు గొయ్యి తవ్వి, మంచును స్తంభంలా కోసి, పైన పార ఆనించి తట్టసాగారు. మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది, అదీ పరీక్ష. మణికట్టు ఆరో దెబ్బకే పైభాగం నున్నగా జారిపోయింది.

"ఈ పొద్దు వద్దన్నా. దిగుదాం పాండి."

"నువ్వు గట్టిగా కొట్టావు!"

ఆయన మరో స్తంభం కోసి పార నా చేతికిచ్చారు. నాది ఐదో దెబ్బకే జారింది.

"పార బరువెక్కువ" అన్నాను.

దిగాం. మధ్యాహ్నమంతా బస కిటికీలోంచి ఆ వాలునే చూశాను. చరియ విరగలేదు. మర్నాడు విమానమెక్కాం.

తువాస్ షిప్‌యార్డులో పాతికేళ్లు క్రేన్ల దగ్గర పనిచేశాను. గాలి హెచ్చితే క్రేన్ ఆపి మనుషుల్ని కిందికి దింపేవాణ్ణి. కింద నిలబడ్డవాళ్లు నాలుగు భాషల్లో నన్ను తిట్టేవారు. కొండ మీద అది గుర్తు రాలేదు. వచ్చినా తిట్టేవాణ్ణే.

తర్వాత ఎదురుపడినప్పుడల్లా "విరగలేదుగా!" అని దెప్పేవాణ్ణి.

"విరగలేదన్నా. నన్ను తిట్టేకి నువ్వుండావు" అని కాఫీ చేతికిచ్చేవారు.

దహనమయ్యాక ఆయన భార్య నా పక్కన కూర్చుంది. "మీ మోకాలి సంగతి మీ ఇంట్లో అక్క ఆయనకు ముందే చెప్పిందన్నా. గొయ్యి తవ్వేటప్పుడు, ఇది నిలిస్తే బాగుండు, అన్న పైకెక్కుతాడు అనుకున్యారంట."



ఇంటికొచ్చి చపాతీ పీట తీశాను. పంచదార పోసి, పైన పిండి అద్ది, పీట వాలేలా అంచు కింద గరిటె పెట్టాను. కదల్లేదు. మణికట్టుతో తట్టాను. మూడో దెబ్బకు పలకలా జారి గట్టు మీద పడింది. మా ఆవిడ గుడ్డ తెచ్చి తుడిచింది.