గేటుకు కట్టిన వేపమండలు

మా ఎదురింటి పిన్నిగారు పోయారని వాళ్ళమ్మాయి గాజువాక నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ప్రమిదలో ఒత్తి వేస్తున్నాను. "అమ్మ ఎళ్ళిపోయిందక్కా" అంది. ఆ దీపం వెలిగించాలో మానాలో తెలియక అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి వెలిగించాను.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక తలో మాటా చెప్పారు. ఆమె నోటి గురించి చెప్పుకుని నవ్వారు, ఆమె పెట్టే మాగాయ గురించి చెప్పుకున్నారు. కార్తీక సోమవారం ఏనాడూ గుడి మానని మనిషి అని ఒకరన్నారు, అందరూ తలలూపారు. నన్నూ మాట్లాడమన్నారు. నాకు నలుగురిలో గొంతు లేవదు. చేతులు జోడించి ఊరుకున్నాను. ఒక కార్తీకంలో ఆమె గుడి మానేశారు. ఎందుకు మానేశారో నాకు తెలుసు. అది చెప్పకుండా లేచి వచ్చేశానని అప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. పదో తరగతి వరకు చదివినదాన్ని, ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరుగను. అయినా కలం పట్టింది ఇందుకే.

ఆ ఏడాది మా వారు చీడికాడలో ఒక స్నేహితుడి ఇంటి నుంచి కుక్కపిల్లను తెచ్చారు. బిస్కెట్ల అట్టపెట్టెలో, పాత తువ్వాలు మీద, గోధుమరంగులో గుండ్రంగా ఉంది. పూజ చేసుకునే ఇంట్లో కుక్క ఏమిటని నేను అంటూనే ఉన్నాను, అది వచ్చి నా పాదం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇక కాలు కదపలేకపోయాను.

పిన్నిగారు వీధి అవతల నుంచే చూశారు. ఆమెకు కుక్క పొడ గిట్టదు. దారిలో కుక్క చీరకు తగిలితే ఇంటికెళ్ళి స్నానం చేసే మనిషి. గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా వంగి చూసి, "ఇదేటే, మూకుట్లోంచి తీసిన బూరెలాగుంది!" అన్నారు. అదే దాని పేరయిపోయింది.

పిల్లను ఇచ్చినవాళ్ళు టీకా ఒకటి వేయించే ఇచ్చారు. మిగతావాటి సంగతి అడగడానికి పశువుల ఆసుపత్రికి వెళ్తుంటే, బజారులో పనుందని పిన్నిగారూ ఆటో ఎక్కారు. డాక్టరుగారు బూరెను అటూ ఇటూ తిప్పి చూసి చెప్పారు. "పిల్ల బాగుంది. కానీ సూదులన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించకండి. వీధికుక్కలు తిరిగిన చోటికి తీసుకెళ్ళకండి. ఇప్పుడు రక్తవిరేచనాల జబ్బు తిరుగుతోంది. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. చెప్పులతో, కాళ్ళతో ఇంట్లోకి వచ్చేస్తుంది. ఫినాయిలుకు చావదు, బ్లీచింగు కావాలి. అలాగని చీకట్లో దాచేయకండి, ఎత్తుకుని నాలుగూ చూపించండి. లేకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది."

నాకు మొదటి సగమే వినబడింది. చిన్నప్పటి నుంచీ నాకు భయమెక్కువ. ఆ వారంలోనే వీధి చివరి ఇంటివాళ్ళు ముచ్చటపడి తెచ్చుకున్న తెల్ల కుక్కపిల్ల పొద్దున్న వాంతి చేసుకుంది, మర్నాటికి లేదు. గుడి వెనక వీధికుక్క పెట్టిన పిల్లలు ఒకటొకటే పోయాయని పాలు పోసే ఆవిడ చెప్పింది. అప్పటి నుంచీ నేను పప్పు కడుగుతూ వెళ్ళి చూసేదాన్ని, జపం మధ్యలో లేచి చూసేదాన్ని, బూరె పొట్ట పైకీ కిందకీ కదులుతోందా లేదా అని. దేవుడి ముందు కూర్చుంటే నోట్లో నామం ఉండేది, చెవి మాత్రం అట్టపెట్టె దగ్గరే ఉండేది.

నా ముఖం చూసి పిన్నిగారు ఒకటే మాట అన్నారు. "ఒసే గుంటా, భయాన్ని ఊరికే కూకోబెట్టకు. దానికి పని సెప్పు." నాకు యాభై దగ్గర పడుతున్నా ఆమెకు నేను గుంటనే.

మర్నాడు మా గేటుకు రెండు పక్కలా వేపమండలు కట్టి ఉన్నాయి. మా వైపు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే అలా కడతారు. చూసినవాళ్ళు లోపలికి రారు. గేటు లోపల పాత టబ్బులో బ్లీచింగు నీళ్ళు, పక్కన బకెట్టుతో మంచినీళ్ళు, సబ్బు. చెప్పులు టబ్బులో ముంచి అక్కడే వదలాలి, కాళ్ళూ చేతులూ కడుక్కుని రావాలి. మా వారు కూడా ఆఫీసు నుంచి వచ్చి అలాగే చేయాల్సి వచ్చింది.

పాలు పోసే ఆవిడ మండలు చూసి వీధిలోనే ఆగిపోయింది. "ఏటమ్మా, ఎవులికి పోసింది?"

"ఎవులికీ పొయ్యలేదు. ఎవులూ లోపలికి రాకూడదని కట్టేను. గిన్నె గేటు మీద ఎట్టు" అన్నారు పిన్నిగారు.

"కుక్కపిల్లకా ఇంత?"

"నీ గేదికి గాలికుంటొచ్చినప్పుడు నువ్వేటి సేసేవు? పాకలోకి సుట్టాల్ని కూడా రానిచ్చేవు కాదు కదే!"

ఆవిడ నవ్వేసింది. "సర్లే తల్లీ, మీ బూరికి నా దణ్ణాలని సెప్పు."

నాకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. "పిన్నిగారూ, లేని అమ్మవారిని ఇంటికి పిలిచినట్టు అవదా?" అని మెల్లగా అడిగాను.

"అమ్మోరికి నేనేటి అబద్ధం సెప్పేనే? లోపల పసిది ఉంది, రావద్దని సెప్పేను. ఏపమండ సెప్పేది అదే కదా" అన్నారు. అయినా సాయంత్రం అమ్మవారి పటానికి ఇంకో కొబ్బరికాయ కొట్టాను.

డాక్టరుగారు చెప్పిన రెండో సగం ఆమె మరిచిపోలేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. కుక్క తగిలితే స్నానం చేసే మనిషి, కుక్కను ముట్టుకోవడం కోసం స్నానం చేసి వచ్చేవారు. బూరెను తువ్వాల్లో చుట్టి, ఉత్సవ విగ్రహంలా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచేవారు. "అదిగో సూడు, మాడుగుల బస్సు. హల్వా తెస్తాది. అది సెరుకు ట్రాక్టరు, దానికి హారనెక్కువ, బుర్ర తక్కువ." ఎవరైనా తాకబోతే, "దూరం, దూరం! సేతులు సూపించు ముందు" అని గదమాయించేవారు. బూరె ఆమె భుజం మీద గడ్డం ఆనించి వెనక్కి వెళ్ళిపోయే వీధిని చూస్తూ ఉండేది.

అప్పుడు కార్తీకం వచ్చింది. సోమవారం తెల్లవారకుండా చెప్పుల్లేకుండా శివాలయానికి వెళ్ళి దీపం పెట్టడం మా అమ్మ నాటి నుంచి నాకు అలవాటు. "నువ్వు ముందెళ్ళిరా. దీన్ని నేను సూస్తాను. నువ్వొచ్చేక నేనెళ్తాను" అన్నారు పిన్నిగారు.

గుడి ముందు, చెప్పులు విడిచే చోట ఒక బక్క కుక్క పడుకుని ఉంది. కింద పాడు చేసుకుంది. ఎవరో బిందెలతో నీళ్ళు కొట్టారు. ఆ నీళ్ళు మెట్ల దాకా పారాయి. వరసలో అందరితో పాటు నేనూ ఆ తడిలోంచే వెళ్ళాను. దీపం పెట్టి, తీర్థం తీసుకుని ఇంటికి వచ్చాను. గుడి నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కోకూడదు, కడుక్కుంటే పుణ్యం నీళ్ళలో పోతుందని మాలో అందరూ అంటారు. ఆ రోజు వరకూ నేను కడిగి ఎరుగను. బకెట్టు పక్క నుంచి నడిచి గుమ్మంలోకి వచ్చేశాను. బూరె పరుగున వచ్చి నా వేళ్ళు నాకడం మొదలుపెట్టింది.

"కాళ్ళు కడిగేవేటే?" అన్నారు పిన్నిగారు.

"గుడి నుంచి కదా పిన్నిగారూ. దారంతా తడి. పాపం, ఒక కుక్క..."

మాట పూర్తి కాలేదు. ఆమె బూరెను లాగి ఎత్తేశారు. నన్ను చెయ్యి పట్టుకుని బకెట్టు దగ్గరకు తీసుకెళ్ళారు. నేను వెనక్కి జంకాను. పుణ్యం పోతుందన్న మాట పైకి అనలేదు గానీ ఆమెకు వినబడింది.

"పున్నెం పోతే వచ్చే సోమారం మళ్ళీ తెచ్చుకుందువు గాని. దీని పానం పోతే ఏ గుళ్ళో ఇస్తారే?"

బూరెను గదిలో పెట్టి తలుపు వేసి వచ్చి, నా తల్లి వయసున్న మనిషి, వంగి నా పాదాల మీద నీళ్ళు పోశారు. పెద్దవాళ్ళు మన కాళ్ళు కడగడమంటే ఎంత పాపమో అని కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. "వద్దు పిన్నిగారూ, నేను కడుక్కుంటాను" అంటున్నా సబ్బుతో వేళ్ళ సందుల్లో తోమారు. తరవాత దాని మూతి తుడిచారు, నేల బ్లీచింగుతో కడిగారు. కానీ అది నాకేసింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు ఆమె గుడికి వెళ్ళలేదు. "ఎళ్ళొచ్చే కాళ్ళు ఒక జతే ఉండాలి. నీది మీ అమ్మ నాటి మొక్కు, నువ్వెళ్ళు. నా సోమారాలు ఈ ఏడు ఇక్కడే" అని మా గేటు దగ్గర, ఆ వేపమండల కింద దీపం పెట్టారు. కార్తీకమంతా అలాగే పెట్టారు. వాళ్ళమ్మాయి ఫోన్లో గుడి సంగతి అడిగితే "దీపం ఎట్టేనే" అనేవారు, అంతే.

గురువారం బూరె పాలన్నం నుంచి ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం పసుపుపచ్చగా వాంతి చేసుకుంది. చెవులు చల్లబడ్డాయి. పిన్నిగారే తాళం వేసి, దాన్ని తన కొంగులో చుట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని ఆటో ఎక్కారు.

డాక్టరుగారు సెలైను పెట్టారు. "ఇది ఆ జబ్బే అని ఇప్పుడే చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఒక సూది పడి ఉంది, అదొక్కటే కాస్త ధైర్యం."

"బతుకుతాదా బాబూ?"

"రేపు సాయంత్రం దాకా చూద్దామమ్మా."

బల్ల మీద అది కళ్ళు సగం మూసుకుని పడి ఉంది. దేవుడి దగ్గరకు వెళ్ళిన కాళ్ళతోనే దీనికి చావు తెచ్చానేమో అన్న ఆలోచన వచ్చాక నాకు నామం కూడా నోట రాలేదు. "స్వామి దగ్గర నుంచి నేనే తెచ్చానా పిన్నిగారూ?" అని అడిగాను.

"సామి దగ్గర్నించి కాదే, దారిలోంచి. దారి సామిది కాదు, పంచాయితీది" అన్నారు. సెలైను గొట్టం చల్లగా ఉందని దాన్ని తన అరచేతిలో పట్టుకుని వెచ్చబెడుతూ కూర్చున్నారు. నాకు దూది తడిపి దాని పెదాలు తుడిచే పని చెప్పారు. మర్నాడూ అలాగే కూర్చున్నాం. సాయంత్రం అది కళ్ళు తెరిచి, తల ఎత్తలేక ఎత్తి, కాలికి చుట్టిన ప్లాస్టరును కొరకడం మొదలుపెట్టింది.

"కొరుకుతాంది! సూడు, కొరుకుతాంది!" అని ఆసుపత్రి అంతా వినబడేలా అరిచారు. అప్పుడే ఆమె ఏడవడం మొదటిసారి చూశాను.

ఆ జబ్బు అదో కాదో డాక్టరుగారు చివరికీ తేల్చలేదు. దాని నీరసం తగ్గాకనే మిగతా సూదులు వేశారు. ఆఖరిది పడ్డాక కూడా రెండు వారాలు ఆగమన్నారు. ఆగాం. నా భయం మాత్రం ఆ రెండు వారాల్లో కూడా తగ్గలేదు. గుడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవడం అప్పటి నుంచీ మానలేదు. స్వామికి నా మీద కోపం వచ్చినట్టు ఇంతవరకూ కనబడలేదు.

గడువు తీరిన పొద్దున మెయిన్ రోడ్డు పక్కన, గడ్డి మొలిచిన చోట, పిన్నిగారు బూరెను మెల్లగా నేల మీద దించారు. పుట్టాక అది వీధి నేల తొక్కడం అదే మొదలు. ఒక ముందుకాలు పైకెత్తి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది. వీపు వణుకుతోంది. పిన్నిగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దాని కేసే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచారు.

"రావే. భూమేనే. ఏటీ సెయ్యదు, రా."

అది మంచుతో తడిసిన గడ్డిని వాసన చూసింది. కాలు దించింది. తరవాత ఆమె వైపు కాకుండా తనకు తోచిన వైపు పరుగెత్తింది. ఆమె ఖాళీ తువ్వాలు రెండు చేతుల్లో అలాగే ఎత్తి పట్టుకుని, ఎండలో చాలాసేపు నిలబడిపోయారు.

ఈ కాగితాలు ఎవరి చేతికి వస్తే వారు చదవండి. ఆమె కన్నకూతురికి కూడా చెప్పని మాట ఇది, చదివాక జాగ్రత్తగా దాచండి, ఎవరికీ చూపించకండి.