మా తమ్ముడు కింద పెట్టిన బంతి

పెళ్లయి బోధన్‌కు వచ్చేనాటికి నాకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. మాది మాక్లూర్ దగ్గర పసుపు, వరి పండించుకునే ఇల్లు. మా ఆయన షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. చెరుకు ఆడే రోజుల్లో షిఫ్టు దిగి వస్తే ఒంటినిండా మాడిన పాకం వాసన. ఆ బట్టలతోనే గ్రౌండుకు పోయేవాడు. ఆయన ఎన్నడూ బంతి తన్నినవాడు కాదు. చూసేవాడు, చూసినదాన్ని ఇంటికి తెచ్చి అందరితో మాట్లాడేవాడు. వరండాలో ఆ మాటలు వినీ వినీ నాకూ ఆట తెలిసిపోయింది.

మా తమ్ముడు మెట్రిక్ తప్పి మా దగ్గరికి వచ్చాడు. లారీ షెడ్డులో పని నేర్చుకునేవాడు. పొడుగు చేతులవాడు, మాట తక్కువ. వాణ్ని గ్రౌండుకు తీసుకుపోయి గోల్‌లో నిలబెట్టింది మా ఆయనే. కొంతకాలానికే ఊరి టీముకు వాడు గోల్‌కీపర్ అయ్యాడు. మా ఆయన బజారులో కనబడిన ప్రతివాడికీ "మా బామ్మర్ది, నేను తయారుజేసిన పోరడు" అని చెప్పుకునేవాడు. వాడు సిగ్గుపడి పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఆ ఏడు కప్పు ఆట నిజామాబాద్ టీముతో పడింది. జిల్లా టీముకు ఆటగాళ్లను ఏరేవాళ్లు కూడా చూడవస్తున్నారని చెప్పుకున్నారు. ఆ పొద్దున తమ్ముడికి అన్నం దిగలేదు. "అక్కా, మోచేతులు గీరుకుపోతున్నయి" అంటే పాత దుప్పటి చింపి చొక్కా చేతులకు లోపల దళసరిగా కుట్టి ఇచ్చాను.

గ్రౌండు పక్కన చెరుకు దించిన బండ్లు నిలిచి ఉండేవి. ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆడవాళ్లం ఒక ఖాళీ బండెక్కి కూర్చున్నాం. చెరో గోలు అయింది. ఇక కొంచెమే ఆట మిగిలి ఉందనగా బంతి ఎత్తుగా మా తమ్ముడి మీదికి వచ్చింది. ఎగిరి పట్టుకున్నాడు. అవతలి ఆటగాడొకడు వచ్చి గుద్దుకుంటే ఇద్దరూ కింద పడ్డారు. అప్పుడు ఈల వినబడింది. నేనూ విన్నాను.

తమ్ముడు లేచాడు. ఫౌల్ ఇచ్చారనుకొని బంతిని నేల మీద పెట్టాడు. పరుగెత్తి వచ్చి తన్నడానికి, దానికి వీపు చేసి గోలు వైపు నడవసాగాడు. దూరంగా గోలుకు కాపు కాసే మా ఫుల్‌బ్యాక్ ఉన్నాడు. బజారులో సైకిల్ షాపు నడిపే మనిషి, మా తమ్ముడు ఆయన్ని భాయ్ అనేవాడు. కింద పడ్డ ఆటగాడు లేచి బంతి దగ్గరికి రావడం ఆయన చూశాడు. "పీఛే! పీఛే!" అని అరిచాడు. నీ వెనక చూడమని. ఇంకా వెనక్కి పొమ్మంటున్నాడని మా తమ్ముడు తలూపి ఇంకా వెనక్కి నడిచాడు. ఆ ఆటగాడు తన్నిన బంతి వాడి పక్కనుంచే మెల్లగా దొర్లుకుంటూ గోలులోకి పోయింది.

గోలు అయిందన్నట్టు రెఫరీ చేయి చాపి గ్రౌండు నడుమకు పరుగెత్తాడు. తమ్ముడు వెంటపడి తన చెవి చూపించాడు, ఈల అన్నట్టు. రెఫరీ తన మెడలోని ఈల ఎత్తి చూపి తల అడ్డంగా ఊపాడు. ఆయన వేయలేదు. జనంలో ఎవరో వేశారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. బంతి నేల మీద ఉన్నంతసేపూ ఆట నడుస్తూనే ఉంది. కప్పు నిజామాబాద్‌కు పోయింది.

మరునాటి నుంచి సాయంత్రమైతే మా వరండా నిండేది. మా ఆయన, బజారులో బట్టలు కుట్టే పెద్దమనిషి, చెరుకు బండి వంతు వచ్చేదాకా మా దగ్గర కూర్చునే క్యాంపు రైతు ఒకాయన, ఇంకా దారిన పోయేవాళ్లు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద క్యాంపులో స్థిరపడ్డ కుటుంబం కనుక క్యాంపు రైతుది కోస్తా మాట.

"రెఫరీ మొఖం సూడకుండ బంతి కింద పెట్టుడేంది? చిన్నపోరలకు తెల్వదా గది?" అన్నాడు దర్జీ.

"అది కాదండీ, ఈల వినబడ్డాక ఎవరైనా ఆగుతారు. కుర్రాడిదేం తప్పు? ఆ ఫుల్‌బ్యాక్ పరుగెత్తుకుంటూ రావాలిగా, అరుస్తూ నిలబడితే ఎట్టా?" అన్నాడు క్యాంపు రైతు.

"గంత దూరంకెల్లి ఎట్ల ఉరుకుతడు? ఎగిరొస్తడా?" అన్నాడు దర్జీ.

నేను చాయ్ తెచ్చి పెట్టి లోపలికి పోతుంటే నా వీపు మీద మా తమ్ముడి గురించిన మాటలు పడుతూ ఉండేవి. ఒకరోజు గడప మీద నిలబడి, "ఈల నేను గూడ విన్న" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. "నువ్వేంది, గ్రౌండంత విన్నది. వింటె ఏమాయె? రెఫరీ ఏస్తెనే ఆట ఆగుతది" అన్నాడు మా ఆయన. మళ్లీ వాళ్ల మాటల్లో వాళ్లు పడ్డారు. నేను చెప్పింది నిజమే. ఆ నిజం దేనికీ పనికి రాలేదు.

ఒక సాయంత్రం నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా ఆయన వరండాలో చెంబు నేల మీద పెట్టి, దానికి వీపు చేసి గోడ వైపు నడుస్తున్నాడు. వెనక దర్జీ కాలు ఎత్తి ఉన్నాడు. చెంబు బంతి, ఆయన మా తమ్ముడు. అప్పుడే తమ్ముడు షెడ్డు నుంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు. వాడు కాసేపు చూసి, "నేను గంత దూరం పోలే, బావా" అన్నాడు.

మా ఆయన ఆగిపోయాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. "మరేడి దాక పోయినవ్? నిలబడి సూపియ్యి" అన్నాడు.

తమ్ముడు చెప్పులు విడిచి పైకి వచ్చాడు. చెంబు దగ్గరికి పోయి, వెనుదిరిగి, నడిచి చూపించాడు. వాడి ముఖం నాకు కనబడలేదు.

మరో రెండు రోజులకు భాయ్ వచ్చాడు. చేతులకు గ్రీజు, గొంతు నెమ్మది. "తప్పు నాది. ఆట నడుస్తున్నదని ఒర్లాలె. పీఛే అని ఒర్లిన. పిల్లగాడు ఏం సమజ్ జేసుకుంటడు?" అన్నాడు.

"భాయ్‌ది తప్పు లేదు. నేను రెఫరీ దిక్కు సూడలే" అన్నాడు తమ్ముడు.

"ఇద్దరూ నాదే తప్పంటే ఇంక మనం తేల్చేదేముందండీ?" అని క్యాంపు రైతు లేవబోయాడు.

మా ఆయన ఆ రైతు చేయి పట్టి కూర్చోబెట్టాడు. "ఒకలనొకలు కాపాడుకుంటున్నరు. గట్ల కాదు. తేలాలె. తేలకుంటె ఎట్ల?"

మరునాడు పొద్దున అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను. "వాడు ఇంట్ల ఉండంగ ఆ ముచ్చట వద్దు. మీకు దండం పెడత." ఆయన చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. "నాకు బాధ లేదనుకుంటున్నవా? గోల్‌ల నిలబెట్టింది నేనే గద. మాట్లాడకుంటె ఊపిరాడ్తలేదు" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం మళ్లీ వరండా నిండింది.

జిల్లా టీములో మా వాడి పేరు రాలేదు. ఆ గోలు వల్లనో, ముందు నుంచే లేదో, చెప్పిన మనిషి లేడు. దాని మీద కూడా వరండాలో తగువే.

ఆ తర్వాత కూడా తమ్ముడు ఆడాడు. నేను ఒకసారి పోయి చూశాను. వాడు బంతి పట్టుకోగానే గ్రౌండు చుట్టూ ఈలలు. ఒకరు మొదలుపెడితే అందరూ. మా ఊరి జనమే. పగతో కాదు, నవ్వుతూ. తమ్ముడు బంతిని రొమ్ముకు అదుముకొని అట్లాగే నిలబడిపోయాడు. తన్నడు, విసరడు. రెఫరీ దగ్గరికి వచ్చి చెప్పేదాకా కదలలేదు. భాయ్ జనం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఈలలు ఇంకా పెరిగాయి. జనంలో మా ఆయన ఎవరి నోరో మూయబోయి తోపులాటలో చొక్కా చింపుకున్నాడు. నేను బండి మీద కూర్చొని చెంగు నోట్లో కుక్కుకున్నాను.

పసుపు తవ్వే రోజులు వచ్చేసరికి తమ్ముడు సంచి సర్దుకున్నాడు. "బాపు ఒక్కడైతుండు, పోత" అన్నాడు. షెడ్డులో పని కుదురుకుంటున్న సమయం అది. ఉండమని నేను అనలేదు. అని ఏ ముఖంతో ఉంచుకోను? మా ఆయన బస్సు దాకా వెంట పోయాడు. వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆరోజు ఎవరు వచ్చినా వరండాలో దీపం పెట్టనివ్వలేదు.

కొన్నేళ్లు గడిచాయి. తమ్ముడికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఒకసారి లింబాద్రి గుట్ట జాతరకు వాడూ నేనూ భీమ్‌గల్ బస్సెక్కాం. తమ్ముడి పక్కన కూర్చున్న మనిషి బోధన్‌వాడట. మాటల్లో మాటగా ఆట ముచ్చట వచ్చింది.

"ఒకప్పుడు మా టీం ఎట్లుండె! ఒక గోల్‌కీపర్ నాశనం జేసిండు. నిజామాబాదోళ్లు తాగించిండ్రంట వాన్ని. బంతి ఆడనే ఇడిసిపెట్టి పోయిండు" అన్నాడతను.

నోరు తెరవబోయాను. తమ్ముడు నా మోచేతి మీద చేయి వేశాడు.

"అవునంట. నేను గూడ విన్న" అన్నాడు అతనితో.

"బతికిండో సచ్చిండో" అన్నాడు ఆ మనిషి.

"బతికే ఉన్నడంటరు. యవుసం జేసుకుంటుండంట."

అతను తల ఊపి, అసలు తప్పు ఎవరిదో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. భీమ్‌గల్ ఇంకా చాలా దూరం ఉంది. మా తమ్ముడు మధ్య మధ్య ఊ కొడుతూ వింటూ కూర్చున్నాడు.