తపస్సు మాను, ఎర్రతుండు, ఒక మేక

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఏడుకొండలవాడి మీద ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, ఆయన మాకు మరీ దగ్గరివాడు. బస్సెక్కితే రెండు గంటల్లో ఎదురుపడాలి. అందుకని, నేను ప్రాణంగా దాచుకున్న రెండు వీసీడీల మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. మధ్యలో ఒక మేక వస్తుంది. దాన్ని కూడా నమ్మాలి.

ఆ రోజుల్లో ఒక సినిమా చూడాలంటే మనిషి కొంత చెడిపోవాల్సి వచ్చేది. ఇప్పుడు మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని, ఫోనులో జపాను బొమ్మల సీరియళ్ళు, ఆటల్లోంచి తీసిన సినిమాలు ఒక్క వేలితో తోసేస్తూ చూస్తుంది. నచ్చకపోతే రెండో నిమిషంలో ఇంకొకటి. నేను ఒకే ఒక్క బొమ్మల సినిమా కోసం ఉద్యోగం, పరువు, మా అవ్వ నమ్మకం మూడూ ఒకే మధ్యాహ్నం పణంగా పెట్టానంటే దానికి నవ్వొస్తుంది. నవ్వనీ. అది ఏడంతస్తుల గోపురం ఎక్కి చూసిన మనిషి కాదు.

గోపురం సంగతి చెప్పాలి. తిరుపతిలో డిగ్రీ చదివిన (చేరిన అనడం న్యాయం) మూడేళ్ళలో నేను కాలేజీకన్నా ఎక్కువగా హాజరైంది బస్టాండు వెనక సందులో ఉన్న వీడియో గేముల అంగడికి. అక్కడ ఒక పెట్టెలో ఒక ఆట ఉండేది. మెడకు ఎర్రగుడ్డ చుట్టుకున్న కుర్రవాడు ఏడంతస్తుల గోపురం ఎక్కాలి, అంతస్తుకొక రాక్షసుణ్ణి పడగొట్టాలి, చిట్టచివర కొనమీద కూర్చున్న ముసుగు మనిషితో తలపడాలి. వాడి అసలు పేరు జపాను భాషలో ఏదో ఉంది. మేము 'ఎర్రతుండు' అనేవాళ్ళం. గెలిచామా, గోపురం మీది నుంచి పసుపుపచ్చటి ఉండలు వందలకొద్దీ జలజలా రాలేవి. ఆ ఉండలు రాలడం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. మూడేళ్ళలో నేను పాసైంది ఆ గోపురం ఒక్కటే.

తర్వాత మా ఊరికి తిరిగొచ్చేశాను. సత్యవేడు దాపున, సగం తెలుగు సగం అరవం మాట్లాడే ఊరు మాది. ఊళ్ళో అందరూ కేబులన్న అని పిలిచే ఒకాయన ఇంటింటికీ కేబులు టీవీ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఆయన ఆఫీసులో నన్ను కూర్చోబెట్టారు. మధ్యాహ్నం మన లోకల్ ఛానెల్లో ఒక సినిమా వెయ్యడం, మైకులో పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన దూడల వివరాలు చెప్పడం నా పని. అప్పుడే, మద్రాసులో మెకానిక్ షెడ్డులో పనిచేసే మా బావ వచ్చి నా చేతిలో రెండు డిస్కులు పెట్టాడు. పైన ఎర్రతుండు బొమ్మ. ఆ ఆటను జపానువాళ్ళు బొమ్మల సినిమాగా తీశారట. అయితే చిక్కల్లా ఒకటే. మా ఇంట్లో ప్లేయరు లేదు. ఆఫీసులో ఉన్న ఒక్క ప్లేయరూ ఛానెల్‌కు కట్టేసి ఉంది. అంటే నేను చూడాలంటే ఊరంతా చూడాల్సిందే. జానపద సినిమాలకు అలవాటుపడిన మా ఊరికి జపాను బొమ్మలు చూపిస్తే కేబులన్న నన్ను స్తంభానికి కట్టి సిగ్నలు లాగుతాడు. అందుకని, ఊరు మొత్తం టీవీ ముందునుంచి లేచిపోయే రోజు కోసం కాచుకున్నాను.

అలాంటి రోజు ఏడాదికి ఒక్కటే. మా గుడి తిరునాళ్ళు పద్దెనిమిది రోజులు సాగుతాయి, అందులో ఒకరోజు మధ్యాహ్నం మైదానంలో 'తపస్సు మాను' ఎక్కుతారు. నున్నగా చెక్కిన పొడుగాటి మానుకు మెట్లు కొట్టి పాతిపెడతారు. దేవుడి దగ్గర అస్త్రం కోసం తపస్సుకు పోయే వీరుడి వేషం కట్టినాయన మెట్టుకో పద్యం చొప్పున పాడుకుంటూ పైకెక్కి, కొనమీద నిలబడి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు కిందికి విసురుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు. కొంగులో నిమ్మకాయ పడితే కడుపు పండినట్టే. మా నాయన అలా నిమ్మకాయకు పుట్టినవాడేనని మా అవ్వ గట్టిగా చెప్పేది. (ఆయన ఎప్పుడూ ముఖం పుల్లగా పెట్టడానికి కారణం అదేనని మా అమ్మ మెల్లగా చెప్పేది.) ఆ నిమ్మకాయ నాటి నుంచి అవ్వ ఒక్క ఏడు కూడా మాను ఎక్కడం చూడకుండా ఉండలేదు. అందరూ భక్తితో చూస్తే, అవ్వ పరీక్ష దిద్దే అయ్యవారిలా చూసేది. పోయినేడు వేషగాడికి గొంతుంది గానీ కాలు వణికింది, అంతకుముందు ఏటివాడు పద్యం మింగేసినాడు, అని ఏడాది పొడుగునా చెప్పుకునేది.

ఆ ఏడు అవ్వ బావి దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంది. నెలన్నర మంచం దిగకూడదన్నారు. తిరునాళ్ళు దగ్గరపడేకొద్దీ ఆమె అన్నం తినడం తగ్గించింది. చూడలేక మాట ఇచ్చేశాను.

"నేనుండాను గదవ్వా. మానును నీ మంచం కాడికే తెస్తా."

నిజంగానే ఏర్పాటు జరిగింది. కేబులన్న మైదానం పక్క బడి మిద్దె మీద కెమెరా పెట్టి, అక్కడి నుంచి ఆఫీసు దాకా వైరు లాగాడు. ఆఫీసులో నల్లపెట్టెకు ఒక గుబ్బ ఉంటుంది. ఎడమకు తిప్పితే ప్లేయరు, కుడికి తిప్పితే కెమెరా. కేబులన్న పోతూ పోతూ నా చెవి పట్టుకుని మరీ చెప్పాడు.

"మాను కాడ తప్పెట మోగుతానే కుడికి తిప్పాల. మరిసిపోతివా, నిన్ను మాను కొనకి కట్టిపిస్తా."

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఊరు ఖాళీ. వీధిలో కుక్కలు కూడా మైదానానికే పోయాయి. తలుపు వేసుకుని మొదటి డిస్కు తోశాను. ఎర్రతుండు గాలికి గుడ్డ ఎగురుతుండగా గోపురం వైపు నడిచొస్తుంటే, అయ్యా, ఏం చెప్పను, మూడేళ్ళు చేతులతో నడిపించిన కొడుకు తనంతట తాను నడిచినట్టు ఉండింది. మాటలన్నీ జపాను భాషే, ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా నాకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. మూడో అంతస్తు రాక్షసుడికి ఆటలో నాలుగు చేతులు, సినిమాలో రెండే పెట్టారు. కోపమొచ్చి టీవీతోనే పోట్లాడాను. రెండో డిస్కు మార్చాక ఆరో అంతస్తు దాటి, ఎర్రతుండు కొనకు ఎగబాకడానికి పైమెట్టు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు మైదానంలో తప్పెట మోగింది.

వెంటనే కుడికి తిప్పాను. (ఒట్టేశానుగా, నమ్మాలి.) తెరమీద బొమ్మ లేదు, బియ్యం గింజల్లాంటి వట్టి చుక్కలు. బయటికి పరుగెత్తి చూస్తే, గోడవారగా పోతున్న వైరును ఒక మేక పట్టుకుని నింపాదిగా నములుతోంది. నల్ల మేక, ఒక చెవి తెగింది, గడ్డం మా హెడ్మాస్టరు గడ్డంలాగే ఉంది. తరిమితే నా వైపు ఒక చూపు చూసి, ఇంకో కొరుకు కొరికి మరీ పోయింది. వట్టి గింజలు చూపించడంకన్నా నయమని గుబ్బ మళ్ళీ ఎడమకు తిప్పాను. అంతలో ఫోను మోగింది. ఆయాసంతో ఇంట్లోనే ఉండిపోయిన లెక్కల అయ్యవారు.

"ఏమప్పా, స్వామికి ఈ యేడు ప్యాంటు తొడిగినారే?"

కొత్త నాటకం కంపెనీ సార్ అన్నాను. పెట్టేశానో లేదో మళ్ళీ మోగింది. అవ్వ.

"అబ్బోడా, ఏందో ఎగిరెగిరి పడతా ఉండాది. కండ్లు సరిగా ఆనడం లేదు. స్వామి మాను ఎక్కతా ఉండాడా?"

తెరమీద ఎర్రతుండు నిజంగానే ఎక్కుతున్నాడు. "ఎక్కతా ఉండాడవ్వా, సూడు" అని ఫోను పెట్టేసి, దూడలు తప్పిపోతే వాడే మైకు అందుకున్నాను. ఇక అక్కడి నుంచి నేను నేను కాను. చిన్నప్పటి నుంచి అవ్వ ఒళ్ళో పడుకుని విన్న మాను కథంతా ఎర్రతుండు మీదికి ఎత్తేశాను. గోపురం తపస్సు మాను అయింది. ఎర్రగుడ్డ నారచీర అయింది. ముసుగు మనిషి ప్రత్యక్షమైతే, వీరుణ్ణి పరీక్షించడానికి బోయవాడి వేషంలో దేవుడే దిగివచ్చాడని చెప్పాను. ఇద్దరూ కొట్టుకున్నారు. పద్యాలు రానిచోట రాగం తీశాను. చివరికి ముసుగు మనిషి ముసుగు తీసి, నవ్వి, ఎర్రతుండు చేతిలో ఒక కత్తి పెట్టాడు. జపానువాళ్ళు మా తిరునాళ్ళు ఎప్పుడొచ్చి చూసిపోయారో గానీ, అస్త్రం ఇవ్వడం కూడా అచ్చం కుదిరింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు పసుపుపచ్చ ఉండలు రాలాలి. ఆటలో నూరుసార్లు రాల్చినవాణ్ణి, నాకు తెలియదా? గొంతు పెంచి మైకులో ప్రకటించాను: "భక్తులారా, ఇప్పుడు స్వామి నిమ్మకాయలు విసురుతాడు, కొంగులు పట్టండి."

రాలలేదు. ఎర్రతుండు కత్తి వీపున తగిలించుకుని, మెట్లు దిగి, సూర్యుడి వైపు వెళ్ళిపోయాడు. జపాను అక్షరాలు పైకి పాకడం మొదలైంది. నేను మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏడంతస్తులు ఎక్కించి, ఉండలు తీసేసిన ఆ దర్శకుణ్ణి ఈ రోజుకీ క్షమించలేదు.

కేబులన్న వచ్చేలోగా వైరు అతికించి, నల్ల టేపు చుట్టేశాను. ఆయన టేపు చూశాడు, నన్ను చూశాడు, మేక సంగతి మొత్తం విన్నాడు. రికార్డు చేసుకోవడానికి కెమెరాలో క్యాసెట్టు కూడా పెట్టలేదే అని తల పట్టుకుని, నెల రోజులు ఎండలో స్తంభాలెక్కే పని నాకు అప్పజెప్పాడు. ఇంటికి పోతే అవ్వ మంచం మీద లేచి కూర్చుని, మామూలుగానే తీర్పు చెప్పింది.

"గొంతు పరవాలేదు. కాలు వణకలేదు. అంత ఎత్తు ఎక్కి, వొట్టి చేతుల్తో దిగిపోయినాడేమిరా మీవోడు? నిమ్మకాయలెయ్యనోడు ఎక్కేదెందుకు?"

ఆటలో వేస్తాడవ్వా, సినిమాలోనే తీసేసినారు అని నోరు జారాను. ఆట ఏమిటంది. చెప్పాను. తిరుపతిలో మూడేళ్ళు ఏం చదివానో ఆ పూట బయటపడింది. అవ్వ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఏడంతస్తులూ విని, మూడో అంతస్తు రాక్షసుడికి చేతులు తగ్గించడం మాత్రం అన్యాయమని ఒప్పుకుంది. అప్పటి నుంచి ఆటలోంచి తీసిన ఏ సినిమా చూసినా, ఏ బొమ్మల సీరియల్ చూసినా నాకు కొలత ఒకటే. చివర్లో మా అమ్మాయి అడుగుతుంది, "నిమ్మకాయలేశాడా నాన్నా?" వేశాడనో, వెయ్యలేదనో చెబుతాను. దానికి అర్థమవుతుంది.

ఇక ఒట్టు సంగతి. వీసీడీలు రెండూ ఎప్పుడో గీతలు పడి చెడిపోయాయి కాబట్టి ఇప్పుడు చెప్పేయవచ్చు. మేక లేదు. తప్పెట మోగింది, నేను విన్నాను, చెయ్యి గుబ్బ మీదే ఉంది. ఎర్రతుండు చెయ్యి పైమెట్టు మీద ఉంది. ఒక్క నిమిషం అనుకున్నాను. అంతే. బాగున్న వైరుకు టేపు చుట్టింది, మేకకు హెడ్మాస్టరు గడ్డం పెట్టింది నేనే. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో అందరూ నమ్మారు. నల్ల మేకలున్న ఒకాయన వచ్చి కేబులన్నకు క్షమాపణ కూడా చెప్పుకుని పోయాడు.

మరుసటేడు అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుపోయి మైదానంలో మాను దగ్గర దించాను. వేషగాడు విసిరిన ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదం దగ్గర ఆగింది. తీసి కళ్ళకద్దుకుని, నా చేతిలో పెట్టి, మాను వైపే చూస్తూ అంది.

"తీస్కపోయి మీ మేకకి పెట్టురా."

ఆ నిమ్మకాయను ఏం చేశానో చెబితే మీరు నమ్మరు.