పోయిన దారిన తిరిగిరాని బండి

ప్రొద్దుటూరులో బంగారం కొనడం తేలిక, ఊడిన గుండీ కుట్టించుకోవడం కష్టం. డిగ్రీ చదివినవాణ్ని కాబట్టి ఈ సంగతి నాలుగు దర్జీ కొట్లు తిరిగాక గానీ అర్థం కాలేదు. ఆ రోజు పై గుండీ లేని చొక్కాతోనే ఆఫీసుకు పోయాను.

అప్పట్లో నేనొక ట్రావెల్స్‌లో ఫోన్లు ఎత్తే మేనేజర్ని. ఓనరుకు బట్టల కొట్టు కూడా ఉండేది. బాడుగ బండ్లన్నిటికీ జీపీఎస్ డబ్బాలు బిగించి, ఏది ఏ దారిన ఎంత వేగంతో పోతోందో ఫోనులో చూసుకుని మురిసిపోయేవాడు.

మా డ్రైవర్లలో పెద్దాయన సొంతూరు లింగాల. ఫ్యాక్షన్ రోజుల్లో పులివెందుల వైపు ఒక నాయకుడి జీపు నడిపాడు. ఆ ఉద్యోగానికి నియమాలు రెండే: పోయిన దారిన తిరిగి రాకూడదు, ఎక్కడికి పోయామో చెప్పకూడదు. ఆ నాయకుడు జబ్బు చేసి పోయాడు. ఆ రోజుల్లో అది కాస్త అరుదైన సంగతే. గొడవలు తగ్గినా ఆ నియమాలు పెద్దాయన చేతుల్లో మిగిలిపోయాయి.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్లను జమ్మలమడుగులో దించి, ఆయన పల్లెల మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు. డీజిలు అమ్ముకుంటున్నాడని అనుమానించిన ఓనరు, పనిలోంచి తీసేస్తానని పిలిపించాడు.

“యాడికి పోయినావు మామా, ఆ పల్లెలెంబడి?”

“చెప్పను.”

“ఫోన్లో కనపడతాంది గదా.”

“కనపడతాంటే నన్నెందుకు అడగతాండావు? ఇంకెవురికి చూపిచ్చినావు?”

పొద్దున బట్టల కొట్టుకు వచ్చిన అవతలి పార్టీ మనిషికి చూపించానని ఓనరు కొంచెం గర్వంగానే చెప్పాడు. ఆయన శానా మెచ్చుకున్నాడట.

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా ఆఫీసులో ఒక డ్రైవరు కూర్చోవడం అదే మొదలు.

“ఎనకాల జీపు రాకుండా ఇన్నేండ్లు దారులు మార్చినా. నువ్వు కొట్లో కూచోని వాళ్లకే దారి చూపిస్తాండావు. ఎవురు యాడ దిగినారో, నేను యాడ టీ తాగినానో, వాళ్లకేంది పని?”

ఓనరు ముఖం రంగు మారింది. ఆయన కొట్లో ఏ చీరకూ ఆ రంగు లేదు.

సందు చూసి నేను చదువుకున్న మాటలు నాలుగు వాడాను. ప్రమాదం జరిగితేనో, బండి దొంగతనమైతేనో తప్ప డబ్బా చూడకూడదనీ, చూసినా డ్రైవరుకు చెప్పే చూడాలనీ అన్నాను. ఓనరు అప్పుడే ఫోనులోంచి ఆ మ్యాపు తీసేశాడు. పెద్దాయన ఉద్యోగం పోకుండా నిలిచింది. ఆ సాయంత్రం మిగతా డ్రైవర్లు అవసరం లేకున్నా హారన్లు కొట్టారు.

పెద్దాయన తాళాలు తీసుకుని గుమ్మం దాకా పోయి, బయట ఆపిన ఓనరు సొంత కారును కాసేపు చూశాడు.

“అన్నిటికీ బిగించినావు. దీనికెందుకు బిగించలేదప్పా? మీ ఇంట్లో ఆయమ్మకు చూసుకునేకి ఫోను లేదా?”