అమావాస్య నాటి బండ

కళుగుమలై నేతగాడు శంకరలింగం పొద్దంతా గుంత మగ్గంలో నడుము దాకా దిగి కూర్చుంటాడు. అక్కడినుంచి కనిపించేవి ఇంట్లో తిరిగేవాళ్ల పాదాలే. అమావాస్యకు మగ్గం ముట్టకూడదు కాబట్టి, వారమంతా నిద్ర చాలక కళ్లు మండుతున్నా, ఆనాడు తెల్లారగానే ఊరవతలి బండ ఎక్కడానికి పోతాడు. ఈసారి పెండ్లాం అళగమ్మాళ్ గంజిచట్టితో వెంట వచ్చింది. సగం ఎక్కాక కాలు పెట్టే చోటు కనబడక, అతను బండను కరుచుకుని ఆగిపోయాడు.

"ఏమయ్యా, పోగు తెగిన మగ్గం మాదిరి నిలిచిపోతివి?" అని ఆమె కిందినుంచి అరిచింది.

అతనికి నవ్వొచ్చింది. మగ్గం కింద తొక్కుడు చెక్కను చూడకుండానే వెతుక్కునే బొటనవేలు బండలో ఒక పగులు పట్టుకుంది. పైకెక్కి, కిందికి చూసి కేక పెట్టాడు.

"ఏమే, నీ నడినెత్తి నెరిసిపోయిందే!"

"ఎప్పుడో నెరిసింది. గుంతలో ఉండేవానికి ఎట్ల కనిపిస్తుంది?" అంటూ ఆమె చీర ఎగదోపి బండ మీద కాలు పెట్టింది. "జరుగు, ఊళ్లో ఇంకెవరి నెత్తి నెరిసిందో నేనూ చూడాల."